ఒక్క నాజిల్... కేక్ నిండా పూలు!

బేకింగ్ మీద మనసు పడగానే చాలామంది చేసే మొదటి పని ఏంటి? ఫోన్ తీసి షాపింగ్ యాప్‌లో ‘కేక్ డెకరేషన్ సెట్’ అని వెతకడం. 24 ముక్కలు, 48 ముక్కలు, పైగా టర్న్‌టేబుల్ ఫ్రీ! పెట్టె ఇంటికొస్తుంది. ఆకుకి ఒకటి, గులాబీకి ఒకటి, గడ్డికి ఒకటి... తళతళలాడే నాజిళ్లన్నీ వరుసగా పేర్చి, ఫొటో తీసి స్టేటస్ పెట్టేస్తాం. మొదటి కేక్ మీద నాలుగైదు మార్చి మార్చి వాడతాం. పూలు కాస్తా ముద్దలు ముద్దలుగా వస్తాయి. రెండో కేక్ కూడా అంతే. ఇక పెట్టె అటకెక్కుతుంది. ‘నా చేతికి కేకులు రావులే’ అన్న మాట మాత్రం మనసులో ఉండిపోతుంది.

కొంచెం ఆగండి. ఆ పెట్టెలోంచి ఒక్క నాజిల్ తీసి, మిగతావి పక్కన పెట్టేస్తే? పది రోజులు దానితోనే కుస్తీ పడితే? పుట్టినరోజు కేక్ అంతా ఆ ఒక్కదానితోనే నింపేయొచ్చు. ఇంట్లోనే కేకులు చేసి నాలుగు రూపాయలు సంపాదించాలనుకునే అమ్మాయిలకూ, అబ్బాయిలకూ ఇది ఇంకా ముఖ్యం. చేతిలో ఉన్న కొద్ది డబ్బు సామాన్లకే పోతే, మంచి క్రీమ్ కొనడానికీ, నేర్చుకోవడానికీ ఏం మిగులుతుంది?

జిలేబీ మాస్టారుని చూశారా?

వీధి చివర జిలేబీ బండి దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. ఆయన చేతిలో ఉండేది చిల్లు పెట్టిన గుడ్డ. ఒకటే చిల్లు. అదే గుడ్డతో చిన్న చుట్టూ వేస్తాడు, పెద్ద చుట్టూ వేస్తాడు. పిండి ఎంత వదలాలో, ఎక్కడ ఆపాలో ఆ గుప్పిటకి తెలుసు. ముగ్గు కూడా అంతే కదా! బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యలోంచి జారే పిండితోనే తామరలూ, నెమళ్లూ, రథాలూ వచ్చేస్తాయి.

పైపింగ్ కూడా ఆ కుటుంబంలోదే. నాజిల్ క్రీమ్‌కి గీతలు మాత్రమే ఇస్తుంది. అది పువ్వవ్వాలా, తాడవ్వాలా, గవ్వవ్వాలా అన్నది మీ మణికట్టు చెప్పాలి.

ఇంతకీ ఏది కొనాలి?

ఒక్కటే కొనాలంటే ‘1ఎం’ అని అడగండి. బేకింగ్ సామాన్ల షాపుల్లో ఈ నంబర్ చెబితే చాలు. అమెరికాలో డ్యూయీ మెకిన్లీ విల్టన్ అనే ఆయన 1929లో షికాగోలో కేక్ డెకరేషన్ నేర్పడం మొదలుపెట్టాడు. ఆ విల్టన్ కంపెనీ వాడిన నంబరే ఇది. ఇప్పుడు రకరకాల కంపెనీలు ఇదే పేరుతో నాజిళ్లు అమ్ముతున్నాయి. మామూలు రకం అయితే ప్లేటు బిర్యానీకి అయ్యేంత ఖర్చు కూడా ఉండదు.

దీని మూతికి ఆరు పళ్లుంటాయి. పళ్ల మధ్య సందులు బాగా తెరుచుకుని ఉంటాయి. అందుకే దీన్ని ‘ఓపెన్ స్టార్’ అంటారు. జంతికల గొట్టంలో నక్షత్రం బిళ్ల వేస్తే జంతికకి గాళ్లు పడతాయి చూడండి, క్రీమ్‌కి కూడా అలాగే పడతాయి. ఆ గాళ్లలో నీడ పడుతుంది, గట్ల మీద వెలుగు పడుతుంది. క్రీమ్‌ని గుండ్రంగా తిప్పగానే అది రేకుల్లా కనిపించడానికి కారణం ఈ వెలుగునీడలే. గుండ్రటి చిల్లున్న నాజిల్‌తో ఎంత తిప్పినా ఆ అందం రాదు.

కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. అతుకు లేని స్టీలు నాజిల్ అయితే తుప్పు పట్టదు. పళ్లు ఆరూ సమానంగా ఉండాలి. ఒక పన్ను వంగినా పువ్వు ఒకవైపు చితికినట్టు వస్తుంది.

బ్యాగ్ పట్టుకోవడమే సగం విద్య

బ్యాగ్ చివర కత్తిరించేటప్పుడు తొందర వద్దు. నాజిల్ లోపల పెట్టి, దాని మూతి మూడో వంతు బయటికి వచ్చేంత మాత్రమే కోయండి. పొడవాటి స్టీలు గ్లాసులో బ్యాగ్ నిలబెట్టి, అంచులు బయటికి మడిచి, సగం వరకే క్రీమ్ నింపండి. నిండా కుక్కితే పైనుంచి కారిపోతుంది, చెయ్యి కూడా నొప్పెడుతుంది.

పైభాగాన్ని మెలిపెట్టి, ఆ మెలికని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించండి. మిగతా వేళ్లతో పైనుంచి కిందికి నొక్కాలి. బ్యాగ్ నడుము పట్టుకుని నొక్కితే క్రీమ్ రెండువైపులా పోతుంది. రెండో చెయ్యి నొక్కకూడదు, నాజిల్‌కి దారి చూపించాలి, అంతే.

ఇక గుర్తుంచుకోవాల్సినవి నాలుగే. బ్యాగ్ ఎంత వంచి పట్టుకున్నారు, కేక్‌కి ఎంత ఎత్తులో ఉంచారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎంత వేగంగా కదిలారు. వీటిలో ఏ ఒక్కటి మారినా డిజైన్ మారిపోతుంది. ఇంకో సూత్రం: పువ్వు పూర్తవగానే ముందు నొక్కడం ఆపాలి, ఆ తర్వాతే చెయ్యి ఎత్తాలి. నొక్కుతూనే ఎత్తితే ప్రతి పువ్వుకీ తోక మొలుస్తుంది.

ఒకటే మూతి... ఎనిమిది రూపాలు

1. చుక్క: బ్యాగ్ నిట్టనిలువుగా పట్టుకుని, కేక్‌కి కొద్దిగా పైన నాజిల్ ఉంచి, ఒక్కసారి నొక్కి ఆపి ఎత్తేయండి. చిన్న నక్షత్రం! ఖాళీలు నింపడానికి దీన్ని మించింది లేదు.

2. రోజెట్: అదే నిలువు పట్టు. మధ్యలో ఒక చుక్క పెట్టి, చెయ్యి ఎత్తకుండా దాని చుట్టూ ఒక రౌండ్ తిప్పండి. చివర్లో నొక్కుడు తగ్గిస్తూ పక్కకి జారిపోండి. గులాబీ వచ్చేసింది. ఎటువైపు తిప్పినా పర్లేదు, కానీ కేక్ అంతా అటే తిప్పాలి.

3. స్విర్ల్: రోజెట్‌కి ఇది తిరగేసిన పాఠం. బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలికి తిరుగుతూ పైకి ఎక్కాలి. కప్‌కేక్ మీద సాఫ్టీ ఐస్‌క్రీమ్‌లా నిలబడుతుంది. లోపల మొదలుపెడితే గులాబీ, బయట మొదలుపెడితే గోపురం!

4. గవ్వ: బ్యాగ్‌ని 45 డిగ్రీలు వంచండి. నొక్కితే క్రీమ్ ఉబ్బుతుంది. అప్పుడు నాజిల్‌ని కాస్త పైకి లేపి, నొక్కుడు తగ్గిస్తూ కిందికి లాగండి. ముందు లావుగా, చివర సన్నగా వస్తుంది. తర్వాతి గవ్వని ఈ తోక మీద మొదలుపెట్టండి. కేక్ కింది అంచుకి అచ్చమైన బోర్డర్ ఇది. బోర్డుకీ కేక్‌కీ మధ్య ఎగుడుదిగుడులన్నీ దీని వెనక దాక్కుంటాయి.

5. జడ: గవ్వ వేసేటప్పుడు ఒకటి కుడివైపు వంపుతో, తర్వాతది ఎడమవైపు వంపుతో వేసుకుంటూ పోండి. అల్లిన జడలా వస్తుంది. పై అంచుకి బాగుంటుంది.

6. తాడు: 45 డిగ్రీల వంపులో చిన్న మెలిక గీయండి. రెండో మెలికని మొదటిదాని కడుపు కింద నుంచి మొదలుపెట్టండి. పేనిన తాడు సిద్ధం.

7. కుచ్చులు: కేక్ పక్కన కింది నుంచి పైకి అటూ ఇటూ ఊపుకుంటూ వెళ్లండి. లంగా కుచ్చుల్లాగా వస్తుంది. పాపాయిల కేకులకి భలే ఉంటుంది.

8. నూరువరహాల గుత్తి: ముందు క్రీమ్‌తో చిన్న దిబ్బ వేసి, దాని నిండా బుల్లి బుల్లి చుక్కలు దగ్గరదగ్గరగా కూర్చండి. నారింజ, ఎరుపు కలిస్తే నూరువరహాలు. ఊదా, నీలం కలిస్తే ఊటీలో కనిపించే హైడ్రాంజియా.

ఇవి ఒక్కొక్కటిగా మామూలువే. కలిపినప్పుడే మజా. అన్నిటికీ ఒకే రకం గాళ్లు ఉంటాయి కాబట్టి ఏది పక్కన ఏది వేసినా ఒకే ఇంటి పిల్లల్లా కలిసిపోతాయి. పది నాజిళ్లు వాడిన కొత్తవాళ్ల కేక్ ఒక్కోసారి గందరగోళంగా కనిపించేది ఇందుకే. అక్కడ ఎవరి దారి వాళ్లది!

ముగ్గు లెక్క కేక్‌కి పనికొస్తుంది

అరకిలో కేక్ సాధారణంగా 6 అంగుళాల వెడల్పు ఉంటుంది. పైన రోజెట్లు ఎన్ని పడతాయి? చాలామంది అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ వేసుకుంటూ వస్తారు. చివరికి ఒక పువ్వుకి తక్కువ, చుక్కకి ఎక్కువ జాగా మిగులుతుంది. అప్పుడు అక్కడో చెర్రీ పెట్టి కవర్ చేస్తారు.

దానికి బదులు సందు చుక్కల ముగ్గు గుర్తు తెచ్చుకోండి. 3 చుక్కలు, 2 వచ్చే వరకు. అంటే వరుసగా 2, 3, 2... మొత్తం 7. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. ఒక్కో రోజెట్ 2 అంగుళాలు ఉంటే, 6 అంగుళాల కేక్ మీద ఈ ఏడూ ఒకదానికొకటి ఆనుకుని కచ్చితంగా సరిపోతాయి. ముందే టూత్‌పిక్‌తో ఏడు చుక్కలు గుర్తు పెట్టుకోండి. వేశాక మధ్య పువ్వు చుట్టూ ఆరు చిన్న సందులు, అంచున ఆరు సందులు మిగులుతాయి. వాటిల్లో తలా ఒక చుక్క. అంతే, పై భాగం పూర్తయింది!

కేక్ చుట్టూ రోజెట్లు వేయాలంటే ముందు పలచగా క్రీమ్ పూసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. పొడి రాలదు, పువ్వు జారదు. కింది వరుస నుంచి మొదలుపెట్టి పైకి రండి. కింది పూలు పై పూలకి ఆసరా ఇస్తాయి. ఈ డిజైన్‌లో ఇంకో లాభం ఉంది. కేక్ అంచులు గీత గీసినట్టు రాకపోయినా ఎవరికీ కనిపించదు. స్క్రాపర్‌తో నున్నగా తియ్యడం ఇంకా చేతకాని వాళ్లకి ఇది పెద్ద ఊరట.

అలాగని మొత్తం నింపాలని రూల్ లేదు. ఒక పక్కన నెలవంకలా పూలు పెట్టి మిగతాది వదిలేయండి. ముత్యమంత ముగ్గు చుట్టూ విశాలంగా వాకిలి ఉంటేనే కదా ఆ ముగ్గు కనిపించేది!

రంగులు మార్చాలంటే నాజిల్ కడగాలా?

అక్కర్లేదు. ప్లాస్టిక్ క్లింగ్ ర్యాప్ పరిచి, మధ్యలో క్రీమ్ పెట్టి, చాక్లెట్ కాగితంలా రెండు చివరలూ మెలిపెట్టండి. ఒక చివర కత్తిరించి, ఆ చుట్టని నాజిల్ ఉన్న బ్యాగ్‌లోకి దించండి. ఆ రంగు పని అయ్యాక చుట్ట లాగేసి, ఇంకో రంగు చుట్ట పెట్టండి. లేత రంగుతో మొదలుపెట్టి ముదురు రంగుకి వెళ్తే మధ్యలో నాజిల్‌ని తుడిస్తే సరిపోతుంది.

ఒకే పువ్వులో రెండు రంగులు కావాలా? ఖాళీ బ్యాగ్ లోపల బ్రష్‌తో రెండు మూడు నిలువు చారలు జెల్ కలర్ గీసి, దాంట్లో తెల్ల క్రీమ్ నింపండి. మొదటి రెండు నొక్కులు ప్లేట్‌లో వేసి చూడండి. తర్వాత రేకు అంచులకి రంగు అంటుకుని వస్తుంది. నీళ్లలాంటి రంగులు క్రీమ్‌ని పలచన చేస్తాయి కాబట్టి జెల్ కలరే వాడండి. ముదురు ఎరుపు, నలుపు కోసం రంగు పోస్తూ పోకండి, చేదెక్కుతుంది. కాసేపు ఆగితే రంగు దానంతట అదే ముదురుతుంది.

అసలు విలన్... ఎండ!

యూట్యూబ్‌లో విదేశీ బేకర్లు బటర్‌క్రీమ్‌తో అలవోకగా పూలు వేస్తుంటారు. అదే బటర్‌క్రీమ్ మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని వంటింట్లో వేసి చూడండి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. బయట 43, 44 ఉంటే పువ్వు నిలబడేదెలా? మన దగ్గర ఎక్కువమంది హోమ్ బేకర్లు నాన్ డెయిరీ విప్పింగ్ క్రీమ్ వైపు మొగ్గేది ఇందుకే. అది కూడా ఎండకి లొంగేదే, కాకపోతే కాస్త ఎక్కువసేపు ఓర్చుకుంటుంది.

కొత్తవాళ్లు మోసపోయే చోటు ఇంకోటుంది. కూరల్లో వేసే ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ తెచ్చి గంటసేపు బీట్ చేస్తారు. అది గట్టిపడదు. అందులో కొవ్వు 25 శాతం దగ్గరే ఉంటుంది. బీట్ చేసిన క్రీమ్ నిలబడాలంటే కనీసం 30 శాతం ఉండాలి.

ఫ్రీజర్‌లోని విప్పింగ్ క్రీమ్‌ని ముందురోజు రాత్రి కింది అరలోకి దించండి. గిన్నె, బీటర్ పుల్లలు కూడా చల్లగా ఉండాలి. బీటర్ ఎత్తితే క్రీమ్ కొస నిలబడి, చివర కొద్దిగా వంగాలి. అది పూలకి సరైన పదును. ఇంకా కొడితే గరుకుగా, బుడగలు బుడగలుగా అయిపోతుంది, రేకుల అంచులు చిరిగినట్టు వస్తాయి. అప్పుడు పారేయకండి. బీట్ చేయని క్రీమ్ రెండు చెంచాలు పోసి, గరిటెతో నెమ్మదిగా కలపండి. చాలావరకు దారికొస్తుంది.

పూలు మొదట బాగా వచ్చి, పది నిమిషాలకి జావగా మారుతున్నాయా? అది మీ అరచేతి వేడి. బ్యాగ్‌లో క్రీమ్ కొంచెం కొంచెమే నింపుకోండి. మిగతాది ఫ్రిజ్‌లో ఉంచండి. రెండు బ్యాగులుంటే ఒకటి మార్చి ఒకటి వాడొచ్చు.

ఆర్డర్ తీసుకునే ముందు ఒక్క మాట

‘అక్కా, అచ్చం ఇలాగే కావాలి’ అంటూ వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. హార్ట్ షేప్ కేక్, చుట్టూ ఝాలర్లు, వాటి మీద మళ్లీ బోర్డర్లు... ఇన్‌స్టాలో ఇప్పుడు తెగ తిరుగుతున్న వింటేజ్ స్టైల్. దీని మూలం జోసెఫ్ లాంబెత్ 1934లో పుస్తకంగా తెచ్చిన పద్ధతి. పొర మీద పొర వేసుకుంటూ పోవడం దాని లక్షణం. దానికి సన్నవీ లావువీ నాలుగైదు నాజిళ్లు కావాలి. గవ్వల బోర్డర్లూ, జడలతో మీ 1ఎం ఆ ఛాయలు చూపించగలదు. అచ్చం అదే మాత్రం రాదు.

అలాగే రేకురేకుగా విడివిడిగా లేచే గులాబీ, సన్నటి ఆకులు, గడ్డి, బుట్ట అల్లిక... ఇవి దీని వల్ల కావు. పేరు రాయడానికి మాత్రం వేరే నాజిల్ అక్కర్లేదు. చిన్న కవర్‌లో కరిగిన చాక్లెట్ పోసి, మూల సన్నగా కత్తిరిస్తే చాలు.

రానిదాన్ని వస్తుందని ఒప్పుకుంటే ఏమవుతుంది? అటువైపు ఒక పాపాయి మొదటి పుట్టినరోజు ఉంటుంది. కేక్ పెట్టె తెరిచేసరికి చుట్టాలంతా ఉంటారు, ఫోన్లన్నీ అటే తిరిగి ఉంటాయి. అప్పుడు ఫొటోలో చూసింది ఒకటి, పెట్టెలో వచ్చింది ఒకటి అయితే ఆ అమ్మ ముఖం చిన్నబోతుంది. మీకు ఆ వీధిలో రెండో ఆర్డర్ రాదు. అందుకే మీరు వేసిన కేకుల ఫొటోలే మెనూగా పెట్టుకోండి. ‘ఇది కుదరదండీ, ఇదే రంగుల్లో రోజెట్ డిజైన్ చేసిస్తాను, చూడండి’ అని మీ ఫొటో పంపండి. చాలామంది సరేనంటారు. వాళ్లకి కావలసింది అందమైన కేక్, నాజిల్ నంబర్ కాదు కదా!

ఇంకో విషయం. ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్న వ్యాపారాలకి ఆన్‌లైన్‌లోనే అప్లై చేసుకోవచ్చు. ‘పక్కింటి వాళ్లకే కదా’ అని వదిలేయకండి.

వారం రోజుల ప్రాక్టీస్

రోజూ కేక్ చేయక్కర్లేదు. వనస్పతిలో ఐసింగ్ షుగర్ కలిపి గట్టి ముద్దలా బీట్ చేస్తే ప్రాక్టీస్ క్రీమ్ రెడీ. స్టీలు పళ్లెం తిరగేసి దాని మీద వేయండి. గరిటెతో గీరి, మళ్లీ బ్యాగ్‌లో నింపండి. ఎన్నిసార్లయినా వాడొచ్చు. తినడానికి మాత్రం కాదు.

మొదటి రోజు: చుక్కలే. 50 వేయండి. అన్నీ ఒకే సైజులో వచ్చేదాకా.

రెండు, మూడు రోజులు: రోజెట్లు. కాగితం మీద 2 అంగుళాల గుండ్రాలు గీసి, పైన ప్లాస్టిక్ షీట్ పరిచి, ఆ గీత దాటకుండా వేయండి.

నాలుగో రోజు: గవ్వలు. స్కేలు పక్కన పెట్టుకుని తిన్నగా ఒక వరుస.

ఐదో రోజు: జడ, తాడు.

ఆరో రోజు: తలకిందులుగా పెట్టిన స్టీలు గిన్నె. దాని పక్కల మీద కుచ్చులు, రోజెట్లు. నిలువు గోడ మీద వేయడం వేరే విద్య అని అప్పుడు తెలుస్తుంది.

ఏడో రోజు: నిజం కేక్. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు.

రోజూ 20 నిమిషాలు చాలు. ప్రతి రోజూ చివరి వరుసని ఫొటో తీసి పెట్టుకోండి. మొదటి రోజుదీ ఏడో రోజుదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత తేడా వచ్చిందో మీకే అర్థమవుతుంది.

తర్వాత రెండో నాజిల్ కొనొద్దని కాదు. ఆకుల కోసం ఒకటి, సన్న గీతల కోసం ఒకటి మెల్లగా చేర్చుకోవచ్చు. కాకపోతే అప్పుడు ‘నాకిది కావాలి’ అని తెలిసి కొంటారు, 48లో ఏది దేనికో తెలియక కాదు. ఈ ఆదివారం ఆ అటక మీది పెట్టె ఒకసారి దించండి. ఆరు పళ్లది ఒకటి తీసుకుని, మిగతా 47 మళ్లీ మూతేసి పైన పెట్టేయండి!